నీళ్లు పోయే దారి మూయకండి: కర్నూలు టింకరింగ్ మేస్త్రీలకు, వాటర్ సర్వీసు సోదరులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అన్నలారా,

నమస్కారం. నేను కర్నూలులో ఉంటాను. దగ్గరి పల్లెలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతాను. మా నాన్నగారు ఉద్యోగ విరమణ నాడు వచ్చిన డబ్బులోంచి 2005లో ఒక మారుతి 800 కొన్నారు. ఆయన పోయాక అది నా చేతికి వచ్చింది. బడికి రోజూ పోయి వచ్చేది దానిలోనే. ఇంజను ఇంకా మొండిగా పనిచేస్తోంది, గేర్లు సాఫీగా పడుతున్నాయి. బండిని కుంగదీసింది రేకు. ఆ రేకు సంగతి మీతో మాట్లాడాలని ఈ లేఖ రాస్తున్నాను.

మీరు అంటే షెడ్డుల్లో సుత్తి పట్టి సొట్టలు తీసే టింకరింగ్ మేస్త్రీలు, పెయింటర్లు, వాటర్ సర్వీసు నడిపేవారు, ఏసీ మెకానిక్కులు, ముందు అద్దాలు మార్చేవారు, స్పీకర్లూ ఫ్లోరింగూ బిగించే దుకాణాలవారు. అందరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. పాత బండిలో నీళ్లు నిలవడం వెనక అందరి చేయీ తలా కాస్త ఉంటుంది. మా యజమానుల చేయి కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

2020లో నా బండికి పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఆ సందర్భంలో ఒక షెడ్డులో టింకరింగ్‌కు ఇచ్చాను. ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయను. అక్కడి మేస్త్రి పనిమంతుడే, మాట మంచిదే. "సార్, అడుగున నల్ల కోటింగ్ కొట్టించండి. ఇక పదేళ్లు బండి కిందికి తొంగి చూడనక్కరలేదు" అన్నాడు. కొట్టించాను. బండి కింద నల్లగా నిగనిగలాడుతుంటే నాకూ తృప్తిగా ఉండింది.

మూడో ఏడు అక్టోబరులో ఒక సాయంత్రం బళ్లారి చౌరస్తా దగ్గర బండి మలుపు తిప్పుతుంటే ఎడమ పక్క రన్నింగ్ బోర్డులో, అంటే తలుపుల కింద పొడుగునా ఉండే డొల్ల రేకులో, గుడగుడమని నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. వాన వెలిసి అప్పటికి మూడు రోజులు. ఇంటికి వచ్చి, గోనెసంచి పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. రన్నింగ్ బోర్డు అడుగున రేకులు రెండూ కలిసే మడతలో కంపెనీవాళ్లు వదిలిన రంధ్రాలు ఉండాలి. ఆ చోట కోటింగ్ నున్నగా పరుచుకుని ఉంది, రంధ్రం ఆనవాలు కూడా లేదు. స్క్రూడ్రైవరు మొనతో పొడిచాను. డికాక్షన్ రంగు నీళ్లు మొహం మీద పడ్డాయి. చెంబు పెట్టాను. ఒకటి నిండింది, రెండోదీ దాదాపు నిండింది. నీళ్ల తర్వాత బురద, బురదతో పాటు గోరంత గోరంత ఎర్రటి పెళ్లలు వచ్చాయి. కోటింగ్ అంచు పట్టి లాగితే తోలులా లేచింది, దాని వెనకే రేకు అతుక్కుని వచ్చింది. ఆ ముక్కను లైటుకు ఎదురుగా పెట్టి చూశాను. జల్లెడలోంచి చూసినట్టు ఉంది. మా నాన్నగారు ప్రతి ఆదివారం గుడ్డ పెట్టి తుడిచిన బండి అది.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఒక్కటే. వాన ఆ రేకును తినలేదు. లోపలికి వచ్చి, బయటికి పోయే దారి లేక, మూడేళ్లు అక్కడే నిలిచిన నీరు తినింది. ఆ దారిని మూసింది మనం, అదీ రక్షణ పేరుతో, డబ్బు ఇచ్చి.

మన ఊళ్లో ఈ మాట ఎత్తితే "కర్నూలులో తుప్పు ఏమిటి సార్, అది సముద్రం పక్క బండ్ల జబ్బు" అంటారు. సముద్రపు ఉప్పుగాలి తుప్పును తొందరపెడుతుంది, అది నిజం. కానీ తుప్పుకు ఉప్పు తప్పనిసరి కాదు. ఇనుము, నీరు, గాలి ఉంటే చాలు. ఎంత వాన పడిందన్నది ఆ ఇనుముకు తెలియదు, ఎన్నాళ్లు తడిగా ఉందన్నదే దానికి లెక్క. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, మనం దాని పొరుగున ఉన్నాం. అయినా మన పాత బండ్ల రన్నింగ్ బోర్డులు అప్పడాల్లా విరుగుతున్నాయి. దీనికి జవాబు మన మట్టిలోనే ఉంది.

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి మీకు కొత్త కాదు. వానలు వెనకపట్టాక ఆ నేలలో శనగ విత్తుతారు. తర్వాత చినుకు పడకపోయినా, భూమిలో నిలిచిన పదునుతో, మంచుతో పైరు గట్టెక్కుతుంది. అంత గట్టిగా తడిని పట్టుకునే మన్ను అది. అదే మన్ను టైరు చిమ్మితే మడ్‌గార్డు లోపలి మడతలోకి పోతుంది, రన్నింగ్ బోర్డు కడుపులోకి పోతుంది, తలుపు అడుగున చేరుతుంది. ఎండాకాలం పొడిగా దుమ్ములా కూర్చుంటుంది. మొదటి వానకు ముద్దవుతుంది. పైన రోడ్డు గంటలో ఆరిపోతుంది, లోపలి ముద్ద వారాల తరబడి ఆరదు. శనగకు వరమైన గుణమే రేకుకు ప్రాణాంతకం. బేతంచెర్ల, డోన్ వైపు తిరిగే బండ్లకు నాపరాళ్ల పొడి కూడా తోడవుతుంది. నీళ్లు తగిలిన ఆ పొడి సన్న రంధ్రంలో సున్నంలా గడ్డకట్టుకుంటుంది. వాన తక్కువైన ఊరు గనుక దుమ్ము ఎక్కువ. దుమ్ము ఎక్కువ గనుక దారులు పూడతాయి.

కారు కట్టినవాళ్లకు నీళ్లు లోపలికి వస్తాయని తెలుసు. ఏ కారూ చెంబులా మూసిన పాత్ర కాదు. తలుపు అద్దం పక్కనున్న రబ్బరు పట్టీ, అంటే బీడింగ్ గుండా ప్రతి వానకూ నీళ్లు తలుపు లోపలికి జారతాయి, అది లోపం కాదు. లోపలికి జారిన నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడాలి. ముందు అద్దం మీద పడిన నీళ్లన్నీ వైపర్ల కింది తొట్టిలోకి దిగి, రెండు పక్కల గొట్టాల్లోంచి బయటికి పోవాలి. డిక్కీ చుట్టూ ఉన్న కాలువలోంచి వెనకకు జారాలి. సన్‌రూఫ్ ఉన్న బండ్లకు పైకప్పు మూలల నుంచి స్తంభాల లోపలగా సన్న గొట్టాలు దిగుతాయి. కట్టిన ప్రతి చోటా ఒక తూము ఉంది. చెరువు తవ్వే మన పెద్దలకు ఈ సంగతి కారు పుట్టకముందే తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలనీ, ఆరు దోషాలనీ దానిలో చెక్కించారు. కట్ట కారడం ఆ దోషాల్లో ఒకటి. కట్ట ఎంత గట్టిదైనా మరవ, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే దారి, పూడిస్తే ఏమవుతుందో ఈ సీమలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. బండి కింద కోటింగ్ కొట్టేటప్పుడు ఆ తెలివి ఎందుకు పనిచేయడం లేదని నా బాధ.

కోటింగ్ వద్దని నేను అనడం లేదు. కొట్టే ముందు బండిని కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఉన్న తుప్పును తీసి, ప్రతి రంధ్రంలో ఒక కాగితపు ఉండో రబ్బరు బిరడానో పెట్టి, కొట్టాక దాన్ని పీకేయండి. పీకిన తర్వాత యజమానిని పిలిచి చూపించండి. పది నిమిషాల పని. తడి మీద, తుప్పు మీద కొట్టిన కోటింగ్ తడిని లోపలే బంధించి కూర్చుంటుంది. బయటికి నల్లగా నిండుగా కనిపిస్తుంది కనుక లోపల జరిగేది ఎవరికీ తెలియదు. పైన పటారం, లోన లొటారం.

ఇప్పుడు తలుపుల సంగతి. పవర్ విండో చెడినా, స్పీకరు మార్చాలన్నా తలుపుకు లోపలి వైపు బిగించిన అట్టను, అంటే డోర్ ప్యాడ్‌ను ఊడదీస్తారు. దాని వెనక పలుచని ప్లాస్టిక్ షీటు ఒకటి నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. దుమ్ము రాకుండా పెట్టారనుకుని చాలామంది దాన్ని చింపి మూలకు విసిరేస్తారు. అది దుమ్ముకు పెట్టింది కాదు. తలుపు లోపల జారే నీటిని లోపలే ఉంచి అడుగు రంధ్రాల దారి పట్టించేది ఆ షీటే. అది లేకపోతే నీళ్లు డోర్ ప్యాడ్ వెనకగా కారి నేరుగా కాళ్ల కింది కార్పెట్‌లోకి దిగుతాయి. కార్పెట్ కింద మందపాటి ఫెల్టు ఉంటుంది, అది స్పాంజిలా పీల్చుకుంటుంది. పైన చేత్తో తడిమితే పొడిగా ఉంటుంది, కింద నెలల తరబడి నీళ్లు ఊరుతుంటాయి. దాని మీద మళ్లీ రెగ్జిన్ ఫ్లోరింగ్ అతికిస్తే ఆ నీటికి ఆవిరయ్యే దారి కూడా పోతుంది. ఫ్లోరింగ్ వేసే అన్నలను ఒకటే కోరుతున్నాను. అతికించే ముందు ఫెల్టు ఎత్తి, కింద రేకు మీద అరచేయి పెట్టి చూడండి. చల్లగా తగిలితే ఆ రోజు పని ఆపండి. షీటు చినిగితే దళసరి ప్లాస్టిక్ కాగితం అదే ఆకారంలో కత్తిరించి, చుట్టూ ఖాళీ లేకుండా అంటించండి. కింది అంచు తలుపు లోపలి వైపుకే ఉండాలి, బయటికి మడిస్తే నీళ్లన్నీ మళ్లీ కార్పెట్ మీదే పడతాయి.

మా బడిలో ఒక సారు కారుకు జరిగింది చెబుతాను. బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది, కర్నూలు ఎండలకు దాని నీడే మా అందరికీ పార్కింగ్. ఆ సారు కారులో వాన పడినప్పుడల్లా ముందు ఎడమ సీటు కింద మడుగు కట్టేది. ఒక షెడ్డులో ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశారు. మడుగు ఆగలేదు. ఇంకో చోట అద్దం విప్పి రబ్బరు మార్చారు. అయినా ఆగలేదు, పైగా అద్దం తీసేటప్పుడు కత్తి గీతలు పడి ఫ్రేము మీద పెయింటు లేచిపోయింది. అద్దాలు మార్చే అన్నలు ఇది గమనించాలి. ఆ గీతకు అప్పటికప్పుడు ప్రైమరు పూయకుండా కొత్త అద్దం కూర్చోబెడితే, రబ్బరు చాటున తుప్పు మొదలవుతుంది. అది బయటపడే నాటికి ఫ్రేమే ఊడివస్తుంది.

చివరకు మన ఊరి పాతబస్తీలో ఒక పెద్ద వయసు ఉస్తాద్ దగ్గరికి ఆ బండి పోయింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన అద్దం వైపు చూడనే లేదు. "బండి ఏ చెట్టు కింద పెడతారు?" అని అడిగాడు. వేప అని చెప్పగానే వైపర్ల చేతులు విప్పి, కింది కవరు ఎత్తాడు. తొట్టి నిండా వేపాకు, ఉగాది నాటి పూత, ఎండిన పుల్లలు, అన్నీ కుళ్లి నల్లటి ఎరువులా తయారై ఉన్నాయి. ఆ ఎరువులో ఒక వేపగింజ మొలకెత్తి, వెలుతురు చాలక పాలిపోయిన రెండు ఆకులు వేసింది. ఉస్తాద్ దాన్ని జాగ్రత్తగా వేళ్లతో సహా తీసి పక్కన పెట్టాడు. తర్వాత మట్టినంతా చేత్తో తోడి, తొట్టిలో ఒక మగ్గు నీళ్లు పోశాడు. నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. పక్క గొట్టంలోకి మెత్తని తీగ పెట్టి నెమ్మదిగా తిప్పితే లోపల ఏదో జారింది. ఆ వెంటనే నీళ్లు సుడి తిరిగి, ముందు టైరు వెనక ధారగా పడ్డాయి. అంతవరకు ఆ నీళ్లు తొట్టి నిండి, గాలి లోపలికి పోయే బ్లోయరు దారిలోంచి కారులోకి దిగుతుండేవి. అద్దానికీ ఆ మడుగుకూ సంబంధమే లేదు. రెండు షెడ్డుల్లో కలిపి మా సారు వేలు ఖర్చు పెట్టాడు. ఉస్తాద్ వంద రూపాయలు తీసుకున్నాడు. ఇంకా ఇస్తామంటే పుచ్చుకోలేదు.

కారణం వెతికే తీరు అలా ఉండాలని నా మనవి. నీళ్లు కనిపించిన చోట రావు. ఎక్కడో పైన దూరి, రేకు వెంట పాకి, ఎక్కడో కింద బయటపడతాయి. నేను ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను, పనికివస్తే వాడుకోండి. ఎండిన బండిలో అనుమానం ఉన్న అంచుల వెంట సుద్దపొడి పలుచగా చల్లుతాను. మా అబ్బాయి టార్చితో లోపల కూర్చుంటాడు. నేను బయట మగ్గుతో కింది నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెం పైకి పోతూ నీళ్లు పోస్తాను. ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆగుతాను. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లా తడిపి దారి చెడగొడతాయి. సుద్దపొడి మీద నీటి గీత ఎక్కడ మొదలైందో అదే దొంగ. వెనక లైట్ల చుట్టూ ఉన్న గ్యాస్కెట్లు ఎండిపోయి డిక్కీలోకి, స్టెప్నీ గుంటలోకి నీళ్లు దిగడం ఈ పద్ధతిలోనే నాకు దొరికింది. స్టెప్నీ టైరు ఎత్తి ఆ గుంట ఎప్పుడైనా చూశారా? చాలా బండ్లలో అడుగున ఒక రబ్బరు బిరడా ఉంటుంది, అది తీస్తే నిలిచిన నీళ్లు పోతాయి.

ఎండాకాలం బండి పొడిగా ఉంటుందని కూడా అనుకోవద్దు. మార్చి నుంచి ఏసీ ఆగకుండా నడుస్తుంది. లోపల చల్లని గొట్టాల మీద పట్టిన తేమ నీరై ఒక చిన్న గొట్టంలోంచి బండి కింద చుక్కలుగా పడాలి. మండుటెండలో ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద తడి లేకపోతే ఆ నీళ్లు కార్పెట్‌లోకి పోతున్నాయేమో చూడాలి. ఏసీ గ్యాసు నింపే అన్నలు ఆ గొట్టాన్ని కూడా ఒకసారి చూస్తే ఎన్నో ఫ్లోర్లు బతుకుతాయి. ఆ తడి జిగటగా, తీపి వాసనగా ఉంటే అది ఇంజన్ను చల్లబరిచే కూలెంటు, ఆ కథ వేరు.

టింకరింగ్ మేస్త్రీలకు ఒక మాట గట్టిగానే చెప్పాలి. పెయింటు మీద బొబ్బ లేచిందంటే తుప్పు పైనుంచి మొదలైందనుకోకండి. ఇనుము తుప్పుగా మారితే అది ఉన్న చోటు కన్నా రెట్టింపునకు పైగా చోటు కావాలి. ఆ ఉబ్బుకే పెయింటు లేస్తుంది. రన్నింగ్ బోర్డు మీద, తలుపు అడుగున, చక్రం వంపు మీద వచ్చే బొబ్బలు చాలావరకు లోపలి నుంచి రేకు తినేశాక వచ్చినవే. ఒక మిల్లీమీటరు మందం కూడా లేని రేకు అది. ఆ బొబ్బను గీకి, పైన పుట్టీ మెత్తి, రుద్ది, పెయింటు వేసి ఇస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ లేస్తుంది. పుట్టీ తేమను పీలుస్తుంది, తుప్పు మీద పెట్టిన పుట్టీ తడిగుడ్డ కట్టినట్టే. బండి కొనేవాళ్లు గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూసేది ఈ పుట్టీ కోసమే. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది.

పని ఎలా చేయాలో మీకు నేను చెప్పేంతవాణ్ణి కాదు. అయినా నా బండికి ఆ ఉస్తాద్ చేసిన విధం చెబుతాను. తుప్పు కనిపించిన చోటి నుంచి గట్టి రేకు తగిలేదాకా కోసేశాడు. అరచేతి మేర అనుకున్నది మూరెడైంది. కొత్త రేకు వంచి, ముక్క సరిగ్గా కూర్చున్నాకే వెల్డింగ్ పెట్టాడు. అక్కడితో ఆగలేదు. వెల్డింగ్ వేడికి లోపలి వైపు పెయింటు కాలిపోతుంది, కొత్త తుప్పు పుట్టేది అక్కడేనని చెప్పి, రంధ్రంలోంచి సన్నగొట్టం పెట్టి లోపల మైనం స్ప్రే చేశాడు. అతుకుల మీద సీలెంటు పూశాడు. ప్రైమరు, ఆ తర్వాతే పెయింటు. చివరికి అడుగు రంధ్రాలు ఒక్కొక్కటీ నాచేత వేలు పెట్టించి చూపించాడు.

రేకు ఇంకా గట్టిగా ఉండి పైపైన ఎర్రబడిన చోట్ల వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పును నల్లగా మార్చే మందు పూశాడు. ఆ మందుల్లో కొన్నింటిలో పనిచేసేది టానిన్, అంటే మన కరక్కాయలో ఉండే వగరు గుణమే. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి మన పెద్దలు సిరా చేసుకున్నారు. కాళహస్తి కలంకారీలో నలుపు కూడా కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు నానిన బెల్లం నీళ్లతోనే వస్తుంది. ఇనుమూ వగరూ కలిస్తే నలుపు, అది ఇక అంత తొందరగా కదలదు. అయితే ఆ మందు పలుచటి తుప్పుకే. చిల్లు పడిన రేకుకు అది ప్రాణం పోయలేదు. దాని మీద ప్రైమరు వేయకుండా వదిలేసినా ఫలితం ఉండదు.

ఇదంతా అందం కోసమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. సీటు బెల్టు బిగించిన బోల్టు పట్టుకుని ఉండేది ఈ రేకునే. చక్రాల బరువు మోసే చోట్లు ఈ అడుగు భాగానికే కలిసి ఉంటాయి. బ్రేకు పైపు బండి కింద నుంచే వెనకకు పోతుంది, అది కూడా ఇనుమే. జాకీ పెట్టి ఎత్తబోతే రన్నింగ్ బోర్డులోకి దిగబడిపోయిన బండిని నేను కళ్లారా చూశాను. టైరు విప్పకముందే దిగబడింది కాబట్టి మనిషి బతికాడు. హైదరాబాదుకో బెంగళూరుకో పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పిల్లలను ఎక్కించుకుని పోయే పాత బండ్లు ఎన్నో మీ షెడ్డుల నుంచే బయలుదేరతాయి. పుట్టీ కింద ఏముందో ఆ తండ్రికి తెలియదు. మీకు తెలుసు. చెప్పండి. పని చేయించుకోలేనని ఆయన అంటే అది ఆయన నిర్ణయం, కానీ చెప్పకుండా మూయకండి.

2009 అక్టోబరు 2 గుర్తుందా? తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడిన రోజు. నీళ్లు తీశాక వీధుల్లో బురద మేట వేసిన కార్లు ఎన్ని ఉన్నాయో మనం చూశాం. ఇంజన్లు విప్పి కడిగారు, సీట్లు ఎండబెట్టారు, పెయింటు వేశారు. కానీ తలుపుల అడుగున, రన్నింగ్ బోర్డుల కడుపులో చేరిన ఒండ్రును చాలా బండ్లలో ఎవరూ తీయలేదు. మా వీధిలో అలాంటి బండి ఒకటి చేతులు మారి పోయింది. కొన్న కుటుంబం రెండేళ్లకే తలుపు అడుగు ఊడి చేతికి వచ్చిందని మొత్తుకుంది. ఆ ఒండ్రు నది తెచ్చింది. ఇప్పుడు అలాంటి బురదనే వానాకాలంలో టైర్లు చిమ్మి కొంచెం కొంచెంగా తెస్తున్నాయి, అంతే తేడా.

వాటర్ సర్వీసు సోదరులారా, మీ చేతిలోని గన్నుకు మంచీ చెడూ రెండూ చేసే బలం ఉంది. చక్రాల వంపుల లోపల, అడుగున ఆ ధార పెట్టండి, మట్టి దిగేదాకా పెట్టండి. తలుపు రబ్బర్ల మీద, అద్దం బీడింగ్ మీద, వైపర్ల కింది తొట్టిలోకి దగ్గరగా కొట్టకండి, ఆ ధారకు అడ్డం నిలిచే రబ్బరు ఏదీ లేదు. సన్‌రూఫ్ గొట్టాల్లోకి గాలి గన్ను కూడా పెట్టకండి, లోపల అతుకు ఊడితే పైకప్పు నుంచి నీళ్లు కారతాయి. కడిగాక నాలుగు తలుపులూ తెరిచి అడుగు రంధ్రాలను ఒక పుల్లతో గెలకండి, లోపల నిలిచినది పోతుంది. తడి ఆరకముందే అడుగున ఆయిలు స్ప్రే చేయకండి. ఆయిలుకు దుమ్ము అంటుకుని అట్టకడుతుంది, రబ్బరు బుష్‌లు కూడా ఉబ్బి చెడతాయి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరగా మంచినీళ్లు రెండు బకెట్లు పోసే ఏర్పాటు చేయండి, అదనంగా తీసుకోండి, ఇస్తాం.

మా యజమానుల తప్పు చెబుతానన్నాను. మేము బేరం ఆడతాం. రేకు కోసి వేయడానికి మీరు చెప్పిన ధర విని, "పుట్టీ పెట్టి కానివ్వండి" అనేది మేమే. సాయంత్రానికి బండి కావాలంటాం. ఆరడానికి ఒక పూట వదలమంటే విసుక్కుంటాం. అమ్మే బండి కదా, పైకి బాగుంటే చాలని నోరు తెరిచి చెప్పేవాళ్లూ మాలో ఉన్నారు. ఆ మాటకు మీరు తల ఊపకండి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. మా నాన్నగారి బండి లాంటిది ఇంకొకటి కొత్తగా రాదు. ఉన్నవాటిని నిలబెట్టే పని మీరు తప్ప ఈ ఊళ్లో ఎవరూ చేయలేరు, ఆ చేతిపనికి తగిన డబ్బు అడిగే హక్కు మీకు ఉంది.

అందుకే ఒక్క కోరిక. మీ షెడ్డుల గోడ మీద రేట్ల బోర్డు ఉంటుంది కదా, ఫుల్ వాష్ ఇంత, పాలిష్ ఇంత, కోటింగ్ ఇంత అని. దానిలో ఇంకో వరుస రాయించండి: "నీటి రంధ్రాలు తెరిచి చూపించడం". పక్కన మీకు న్యాయమనిపించిన ధర వేయండి. ఏడాదికి రెండుసార్లు చాలు. ఒకటి జూన్‌లో వానలు పట్టక ముందు, రెండోది దీపావళి తర్వాత. ఆ వరుస ఉంటే అడగడం మాకు తెలుస్తుంది, ఇప్పుడు చాలామందికి అలాంటి రంధ్రాలు ఉన్నాయనే తెలియదు.

జూన్ మొదటి ఆదివారం పొద్దున్నే నా బండి వేసుకుని నంద్యాల చెక్‌పోస్టు వైపు షెడ్డుల దగ్గరికి వస్తాను. ఆ వరుస ఏ బోర్డు మీద ముందు కనిపిస్తే అక్కడే ఆపుతాను. మా బడిలో ఇంకా ఆరు పాత బండ్లు ఉన్నాయి, వాళ్లూ నా వెనకే వస్తామన్నారు.

ఇట్లు,
మీ ఊరి బడిపంతులు
కర్నూలు